నాలుక ఒక్కటే పక్కకు వాలినప్పుడు: పన్నెండో కపాల నాడి బలహీనతకు కారణాలు, పరీక్షలు

ఉదయం నాలుకబద్దతో నాలుక గీసుకునేటప్పుడు అది తిన్నగా రాకుండా ఒక పక్కకు వాలుతున్నట్టు అద్దంలో కనిపిస్తుంది. అన్నం తింటుంటే ఒక వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, నాలుక తరచు పళ్ల మధ్య పడుతుంది, మాట కొంచెం ముద్దగా ఉందని ఇంట్లోవాళ్లు అంటారు. పన్నెండో కపాల నాడి ఒక వైపున దెబ్బతిన్నప్పుడు చాలామందిలో కనిపించేది ఇంతే. మూతి వంకర పోదు, చెయ్యీ కాలూ పట్టు తప్పవు, చూపు చెదరదు. అయినా ఇంట్లో మొదట వినబడే మాట పక్షవాతమే. అక్కడి నుంచి దగ్గరలోని స్కానింగ్ సెంటరుకు వెళ్లి మెదడు ఎం.ఆర్.ఐ. తీయించుకోవడం, అందులో ఏమీ లేదని తేలగానే ఊపిరి పీల్చుకోవడం మామూలుగా జరిగిపోతుంది. ఊరట ఇచ్చే ఆ రిపోర్టు చాలా సందర్భాలలో అసలు ప్రశ్నకు జవాబు కాదు. ఈ నాడి మెదడు నుంచి బయటపడి పుర్రె అడుగు ఎముకలోని ఒక సన్నని కాలువ గుండా దూరి, మెడలో గవద కిందుగా వంపు తిరిగి నాలుకను చేరుతుంది. దెబ్బ ఆ దారిలో ఎక్కడైనా తగలవచ్చు, మెదడు లోపల తగలడం అందులో ఒక వంతు మాత్రమే.

నాలుకను కదిలించే కండరాలన్నిటికీ, ఒక్కటి మినహా, ఆజ్ఞలు తెచ్చేది హైపోగ్లోసల్ అనే ఈ పన్నెండో నాడే. మినహాయింపు అంగిలి నుంచి నాలుకకు దిగే పాలటోగ్లోసస్, దానిని పదో నాడి చూసుకుంటుంది. రుచినిగానీ స్పర్శనుగానీ పన్నెండో నాడి మోయదు. అందుకే ఈ జబ్బులో నాలుక పక్కకు వాలినా ఉప్పూ పులుపూ తెలుస్తూనే ఉంటాయి, నాలుక మొద్దుబారదు. రుచి పోయిందనో, నాలుక తిమ్మిరెక్కిందనో రోగి చెప్పినట్లయితే పక్కనున్న వేరే నాడులు కూడా చిక్కుకున్నాయని అనుమానించవలసి ఉంటుంది. నాలుకను బయటకు తోసే కండరం జీనియోగ్లోసస్, అది కుడి ఎడమల రెండు ఉంటుంది. జోడెద్దులలో ఎడమది నిలిచిపోతే బండి ఎడమకే తిరిగినట్టు, ఎడమ కండరం బలహీనమైతే కుడి కండరం తోపుకు నాలుక ఎడమకు వాలుతుంది. అంటే నాలుక ఎటు చూపుతుందో జబ్బు అటే ఉందన్నమాట. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే స్కాన్‌లో ఏ వైపు వెతకాలో ముందే తెలిసిపోతుంది.

అయితే నాలుకను చాపించి చూడటానికి ముందు, నోరు తెరిపించి, నాలుకను కదపకుండా నోటిలోనే పడి ఉండనిచ్చి చూడటం మంచిది. బయటకు చాపిన నాలుక ఆరోగ్యవంతులలో కూడా సన్నగా వణుకుతుంది. ఆ వణుకును కండరపు అదురుగా భ్రమపడి కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు ఉందేమోనని కుటుంబాన్ని భయపెట్టిన సందర్భాలు తక్కువేమీ కావు. నోటిలో తీరుబడిగా ఉన్న నాలుక ఉపరితలం కింద పురుగులు పాకినట్టు చిన్న కదలికలు కనిపిస్తే, అవి అసలైన అదుర్లు. ఆ వైపు సగభాగం పలచబడి, అంచు ముడతలు పడి, మధ్య గీత వంపు తిరిగి ఉంటే నాడి దెబ్బతిని కనీసం కొన్ని వారాలైనా గడిచిందని అర్థం. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది: లోపల పడి ఉన్నప్పుడు నాలుక కొన కొందరిలో ఆరోగ్యంగా ఉన్న వైపుకు కొంచెం మళ్లి కనిపిస్తుంది. నాలుకను వెనక్కి లాగే కండరం ఆ వైపు మాత్రమే పనిచేయడం దానికి కారణం. చాపగానే అది ఎదురు పక్కకు, అంటే జబ్బున్న వైపుకు తిరుగుతుంది. ఈ సంగతి తెలియకపోతే ఏ వైపు జబ్బో పొరపడే వీలుంది.

ముఖం ఒక వైపు వాలిన రోగిలో నాలుక తిన్నగానే ఉన్నా వాలినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే పెదవుల మధ్య భాగమే పక్కకు జరిగి ఉంటుంది. వాలిన మూతి మూలను వేలితో పైకెత్తి పట్టుకుని, నాలుక కొనను ముందుపళ్ల మధ్య సందుతో పోల్చి చూస్తే ఈ భ్రమ తొలగిపోతుంది. తరువాత నాలుకతో లోపలి నుంచి బుగ్గను నొక్కమని, బయట నుంచి వేలితో ఎదురు నొక్కి బలం చూడాలి. కుడి నాడి దెబ్బతింటే కుడి వైపుకు వాలిన నాలుక ఎడమ బుగ్గను గట్టిగా నొక్కలేదు. మాటలో కూడా ఆధారం దొరుకుతుంది: ప, బ, మ పెదవులతో పలికేవి కాబట్టి చెడవు, త, ద, ట, డ, ణ, ర, ల, ళ దగ్గర తడబాటు వస్తుంది. చెన్నైలో తెలుగు రోగిని పరీక్షించేవారు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఏదో మాట చెప్పించే బదులు, ‘తాటాకు’, ‘దాళింబ’ వంటి ఇంటి మాటలను అతని చేత పలికిస్తే తేడా తేటగా వినబడుతుంది. ఒకే వైపు దెబ్బ అయితే ఎదురు సగం చాలావరకు సర్దుకుంటుంది కాబట్టి ఆ తడబాటు స్వల్పంగానే ఉంటుంది. మాట బాగా నలిగినా, మింగుడు పడకపోయినా రెండు వైపులా జబ్బు ఉందనో, తొమ్మిది, పది నాడులు కూడా పాడయ్యాయనో ఆలోచించాలి.

మెదడు పైభాగంలో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినవారిలో కూడా నాలుక వాలడం ఉంది. దాని పద్ధతి వేరు. అక్కడ నాలుక పడిపోయిన చెయ్యీ కాలూ ఉన్న వైపుకే, అంటే మెదడులో దెబ్బ తగిలిన దానికి ఎదురు వైపుకు వాలుతుంది. సగభాగం ఎండిపోవడం, అదరడం ఉండవు. మజ్జాముఖంలో, అంటే మెదడు కాండం అడుగుభాగంలో, మధ్యగీతకు దగ్గరగా చిన్న రక్తనాళం మూసుకుపోతే మాత్రం నాడి మూలమే దెబ్బతిని అదే వైపు నాలుక, ఎదురు వైపు చెయ్యీ కాలూ కలిసి బలహీనమవుతాయి. నాలుక ఒక్కటే, అదీ ఎండిపోతూ, ఏ ఇతర లోపమూ లేకుండా వాలిందంటే దెబ్బ ఎక్కువగా మజ్జాముఖం దాటిన తరువాతే ఉంటుంది. వెతుకులాట మొత్తం ఈ నిర్ణయం మీద ఆధారపడుతుంది కాబట్టే నాలుకను చూసే ఆ అయిదు నిమిషాలకు అంత విలువ.

ఆ దారి ఇలా సాగుతుంది. మజ్జాముఖం ముందు వైపున పిరమిడ్, ఆలివ్ అనే రెండు ఉబ్బుల మధ్య గాడిలో నుంచి నాడి పోగులు బయలుదేరి, వెన్నెముక వెంట పైకి వచ్చే వెర్టెబ్రల్ ధమనిని రాసుకుంటూ సాగి, పుర్రె అడుగు ఎముకలోని హైపోగ్లోసల్ కాలువలో చేరతాయి. మొదటి మెడ పూస మీద తల ఆనే గుండ్రని ఉబ్బు, ఆక్సిపిటల్ కాండైల్, సరిగ్గా ఈ కాలువకు కిందనే ఉంటుంది. కాలువ దాటగానే తొమ్మిది, పది, పదకొండు నాడులు, మెదడుకు రక్తం తీసుకెళ్లే లోపలి కెరోటిడ్ ధమని, జుగులర్ సిర అన్నీ ఒకే ఇరుకు చోట దీనికి తోడవుతాయి. అక్కడి నుంచి దవడ మూల దగ్గరకు దిగి, ముందుకు వంపు తిరిగి, కెరోటిడ్ ధమనులను దాటుకుని, దవడ కింది లాలాజల గ్రంథి పక్కగా నాలుక అడుగుకు చేరుతుంది. నలుగురు కలిసి ఉండే చోట దెబ్బ తగిలితే నాలుగు నాడులూ పోవాలి. పన్నెండోది ఒక్కటే పోయిందంటే అది ఒంటరిగా ఉండే చోటులే, అంటే కాలువ లోపల లేదా దవడ కింద వంపు తిరిగిన తరువాత, మొదటి అనుమానానికి అర్హమైనవి. కెరోటిడ్ గోడ ఉబ్బు దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు.

కారణాల వాటా ఎంతెంత అన్న ప్రశ్నకు రెండు పెద్ద పరిశీలనలు వేర్వేరు జవాబులు ఇచ్చాయి. 1996లో లాస్ ఏంజెలిస్ నాడీవైద్యుడు జేమ్స్ కీన్ 100 మంది రోగులను విశ్లేషించినప్పుడు 49 మందిలో కణితులే కారణమని, వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్లని తేలింది. తుపాకీ గాయాల వంటి దెబ్బలు రెండో స్థానంలో నిలిచాయి. పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా కోలుకున్నవారు 15 శాతమే. 2016లో మేయో క్లినిక్ వైద్యులు ప్రచురించిన 245 మంది పరిశీలనలో మాత్రం శస్త్రచికిత్స తరువాత వచ్చినవి మొదటి స్థానంలో ఉన్నాయి. ఈ తేడాలో వైరుధ్యం లేదు. ఆసుపత్రికి ఎలాంటివారు వస్తారన్నదాన్ని బట్టి కారణాల వరుస మారుతుంది. దెబ్బా, ఆపరేషనూ ఏవీ లేకుండా నాలుక దానంతట అదే వాలిన మధ్యవయసు రోగికి కీన్ చెప్పిన హెచ్చరికే వర్తిస్తుంది: కణితి లేదని రుజువయ్యేదాకా అది ఉందనుకునే వెతకాలి.

అలాంటి కణితులలో అన్నిటికన్నా ముందు గుర్తుకు రావలసింది ఆక్సిపిటల్ కాండైల్‌కు పాకిన క్యాన్సర్. 1981లో గ్రీన్‌బర్గ్, ఆయన సహచరులు పుర్రె అడుగుకు పాకే క్యాన్సర్లను అయిదు లక్షణ సముదాయాలుగా వర్గీకరించినప్పుడు దీనికి ప్రత్యేకమైన చోటు ఇచ్చారు. కథ సాధారణంగా నొప్పితోనే మొదలవుతుంది. తల వెనుక ఒక వైపు, చెవి వెనుక ఎముకకు మెడకు మధ్యన, ఆగకుండా ఉండే నొప్పి. మెడ తిప్పితే, వంచితే అది ఎక్కువవుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. కొన్ని వారాల తరువాత అదే వైపు నాలుక వాలుతుంది. రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లు ఇక్కడికి ఎక్కువగా పాకుతాయి. ఎప్పుడో చికిత్స ముగిసి నయమైందనుకున్న క్యాన్సర్ ఇన్నేళ్లకు ఇలా ఎముకలో తలెత్తుతుందని రోగికి తట్టదు, నాలుక వాలడానికీ పాత ఆపరేషన్‌కూ సంబంధం ఉందని చెప్పడు కూడా. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు, 1954లో అది మొదలైన కాలం నుంచీ, తెలుగువారు వస్తూనే ఉన్నారు. అలాంటి కుటుంబాలలో బీరువా అడుగున దాచిన పాత ఫైలు, అందులోని బయాప్సీ కాగితం, రేడియేషన్ ఇచ్చిన తేదీలు ఇప్పుడు ఏ కొత్త పరీక్షకూ తీసిపోని ఆధారాలు.

మెడ నొప్పిని అందరూ స్పాండిలోసిస్ అంటారు. మెడకు పట్టీ వేసుకుని, నొప్పి మాత్రలు మింగి, ఫిజియోథెరపీ చేయించుకుంటూ నెలలు గడిపినవారి నాలుకను ఎవరూ చూడరు. తల వెనుక ఒక వైపు నొప్పి తగ్గని ప్రతి రోగి చేతా నాలుక చాపించడం ఖర్చు లేని పరీక్ష. అది అలవాటుగా మారితే కాండైల్ క్యాన్సర్లు చాలా ముందుగా దొరుకుతాయి. ఆ ఎముకకు రేడియేషన్ ఇస్తే నొప్పి బాగా తగ్గుతుంది, కాబట్టి కనిపెట్టడం వృథా కాదు.

కాలువ దగ్గర ఇతర కణితులూ ఉన్నాయి. ముక్కు వెనుక గొంతు పైభాగంలో పుట్టే నేసోఫారింజియల్ క్యాన్సర్ ఎముక గుండా పైకి పాకుతుంది. దానికి మెడలో గడ్డ, ఒక చెవిలో నీరు చేరి దిబ్బడ వేయడం, ముక్కులో రక్తం తోడు ఉంటాయి. నాడి పొరలోనే పుట్టే ష్వానోమా, పుర్రె అడుగు మధ్యలోని క్లైవస్ ఎముకలో పుట్టే కార్డోమా, జుగులర్ సిర దగ్గర పుట్టే గ్లోమస్ కణితి, మెనింజియోమా అరుదైనవి, నెమ్మదిగా పెరిగేవి. కాండైల్ కీలు నుంచి పొడుచుకు వచ్చే నీటి తిత్తి క్యాన్సర్ కాదు, కానీ స్కాన్‌లో కణితిలా కనబడి కంగారు పెడుతుంది.

వయసు నలభైలలో ఉండి, క్యాన్సర్ చరిత్ర లేక, మెడ ముందు భాగంలో లేదా కణత దగ్గర హఠాత్తుగా నొప్పి మొదలై కొన్ని రోజులలో నాలుక వాలితే ఆలోచన కెరోటిడ్ ధమని వైపు మళ్లాలి. ధమని లోపలి పొర చీలి, గోడ పొరల మధ్య రక్తం చేరడాన్ని డిసెక్షన్ అంటారు. ఆ రక్తం బయటి వైపుకు ఉబ్బితే ధమని లోపలి దారి ఏమీ ఇరుకు కాకపోవచ్చు. ఉబ్బిన గోడ మాత్రం పక్కనే ఆనుకుని ఉన్న నాడిని నొక్కుతుంది. డిసెక్షన్‌లో దెబ్బతినే కపాల నాడులలో పన్నెండోదే ఎక్కువ. కనురెప్ప కొంచెం వాలడం, అదే కంటిపాప చిన్నగా ఉండటం, చెవిలో గుండె కొట్టుకున్నట్టు చప్పుడు వినబడటం దీన్ని పట్టిచ్చే గుర్తులు. కంటిపాపల తేడా మసక వెలుగులోనే బాగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ల కింద చూసి తేడా లేదని తీర్మానించకూడదు. సెలూన్‌లో తలకు నూనె మర్దన అయ్యాక మెడను రెండు వైపులా టక్కున విరిచే అలవాటు మన పట్టణాలన్నిటిలోనూ ఉంది. ఆ విరుపుతో మెడ ధమనులు చీలిన కేసులు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి కాబట్టి, రోగిని ఆ సంగతి విడిగా అడగాలి. అడగనిదే ఎవరూ చెప్పరు. ఇది ఆలస్యం చేయకూడని కారణం, ఎందుకంటే చీలిన గోడ మీద గడ్డకట్టిన రక్తం మెదడులోకి కొట్టుకుపోతే అసలైన పక్షవాతం వస్తుంది. ఆస్పిరిన్ వంటి మందులు గానీ రక్తం పలచబరిచే మందులు గానీ ఆ ముప్పును తగ్గిస్తాయి.

పాశ్చాత్య పాఠ్యగ్రంథాల వరుసలో అడుగున ఉండి, చెన్నైలో పైకి రావలసిన కారణాలు ఇన్ఫెక్షన్లు. చక్కెర వ్యాధి ఎక్కువగా ఉన్న పెద్దవయసువారిలో చెవి కాలువలో మొదలైన సూడోమోనాస్ అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగి పుర్రె అడుగంతా పాకుతుంది. రాత్రిళ్లు నిద్ర చెడగొట్టే చెవి నొప్పి, చీము, ముందు ఏడో నాడి పోయి మూతి వంకర పోవడం, తరువాత తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాడులు ఒక్కొక్కటే పోవడం దాని మామూలు నడక. అయితే చెవిలో ఏమీ లేకుండా, పుర్రె అడుగు మధ్యలోనే మొదలయ్యే రకం కూడా ఉంది. అందులో తలనొప్పి, నాలుక వాలడం తప్ప వేరే గుర్తు ఉండకపోవచ్చు, జ్వరం కూడా రాకపోవచ్చు. ఒంట్లో వాపును సూచించే ఇ.ఎస్.ఆర్. రక్తపరీక్షలో బాగా ఎక్కువ రావడం ఒక్కటే హెచ్చరిక అవుతుంది. దీనికి వారాలు, కొందరిలో నెలల తరబడి యాంటీబయాటిక్ సూది మందులు కావాలి. కొందరిలో కారణం బాక్టీరియా కాక ఫంగస్ అవుతుంది. 2021లో కోవిడ్ రెండో ఉప్పెన తరువాత మ్యూకర్ ఫంగస్ దేశమంతా విజృంభించినప్పుడు చక్కెర వ్యాధికీ పుర్రె అడుగు ఎముకకూ ఉన్న సంబంధం సామాన్యులకు సైతం తెలిసివచ్చింది.

క్షయ మరో సంగతి. తలకూ మెడకూ మధ్య కీలు దగ్గర క్షయ పట్టినవారిలో మెడ బిగుసుకుపోయి, తల ఒక వైపుకు వంచి, చేతులతో గడ్డం పట్టుకుని లేచి కూర్చునే తీరు కనిపిస్తుంది. కాండైల్ ఎముక కరిగితే నాలుక వాలుతుంది. బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం ఉంటే అనుమానం బలపడుతుంది గాని అవి లేవని క్షయను కొట్టిపారేయకూడదు. క్షయ, ఎముక ఇన్ఫెక్షన్, క్యాన్సర్ ఈ మూడూ స్కాన్‌లో ఒకదానినొకటి పోలి ఉంటాయి. అందువల్ల ముక్క తీసి పరీక్షకు పంపడం తప్పనిసరి, దాన్ని పాథాలజీకి మాత్రమే కాక బాక్టీరియా, ఫంగస్, క్షయ పరీక్షలకు కూడా పంచి పంపాలి. ముక్క మొత్తం సూక్ష్మజీవులను చంపే ఫార్మలిన్‌లో వేస్తే సూక్ష్మజీవులను పెంచి చూసే అవకాశం అక్కడితో పోతుంది. చిన్నగా కనిపించే ఈ పొరపాటు వల్ల రోగి రెండోసారి మత్తు తీసుకోవలసి వస్తుంది.

శస్త్రచికిత్సల సంగతి త్వరగా చెప్పవచ్చు, ఎందుకంటే అడిగితే కారణం తానే బయటపడుతుంది. కెరోటిడ్ ధమనిని శుభ్రపరిచే ఆపరేషన్, దవడ కింది గ్రంథి తీసివేత, మెడ గ్రంథుల తొలగింపు నాడిని నేరుగా తాకుతాయి. మత్తు కోసం గొంతులో గొట్టం వేసినప్పుడు తల వెనక్కి వంగి, గొట్టం ఒత్తిడికి పదో నాడీ పన్నెండో నాడీ కలిసి నలిగితే గొంతు బొంగురు, నాలుక వాలు ఒకేసారి వస్తాయి. స్పెయిన్ వైద్యుడు తాపియా పేరుతో పిలిచే ఈ స్థితి చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది. తల మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్నవారిలో మాత్రం నాడి ఏళ్లు గడిచాక, ఒక్కోసారి పదేళ్లు దాటాక కూడా, ఎండిపోతుంది. అక్కడ క్యాన్సర్ తిరగబెట్టిందా, రేడియేషన్ ప్రభావమా అన్నది తేల్చడం నిజంగా కష్టం. నాలుక కండరంలో సూదితో చేసే ఇ.ఎం.జి. పరీక్షలో మయోకైమియా అనే ప్రత్యేకమైన విద్యుత్ లయ కనిపిస్తే అది రేడియేషన్ వైపు మొగ్గు చూపుతుంది.

నాడి మూలంలోనే జబ్బు ఉండే పరిస్థితులలో నాలుక రెండు వైపులా ఎండిపోవడం ఎక్కువ, మొదట్లో ఒక పక్క ముందుండవచ్చు. మజ్జాముఖంలో నీటి గొట్టం ఏర్పడటం, చిన్నమెదడు అడుగు కిందికి జారే కియారీ లోపం, మోటార్ న్యూరాన్ జబ్బు ఈ కోవలోవి. చెన్నై పేరు ఇక్కడ వైద్య చరిత్రలో శాశ్వతంగా నిలిచింది. 1970లో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి మద్రాసులో చూసిన రోగులను వర్ణించి, మామూలు మోటార్ న్యూరాన్ జబ్బుకు భిన్నమైన ఒక రూపాన్ని గుర్తించారు. తరువాత అది మద్రాస్ మోటార్ న్యూరాన్ జబ్బుగా స్థిరపడింది. ముప్పయ్యేళ్లలోపు మొదలవుతుంది, చేతులు కాళ్లు సన్నబడతాయి, ముఖం, గొంతు, నాలుక బలహీనమవుతాయి, చెవుడు వస్తుంది, అయినా రోగి దశాబ్దాలు బతుకుతాడు. తమిళనాడు, కర్ణాటక, కేరళ, తెలుగు రాష్ట్రాల నుంచే ఎక్కువ కేసులు నమోదయ్యాయి. కాబట్టి ఎండిన నాలుకతో వచ్చిన యువకుడి చెవుల వినికిడిని పరీక్షించకుండా, అతనికి రెండు మూడేళ్లే ఉన్నాయని చెప్పడం క్షమించరాని తొందర. చెవుడుతో పాటు నాలుక, గొంతు బలహీనపడే మరో వంశపారంపర్య జబ్బుకు రైబోఫ్లేవిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఇస్తే మెరుగు కనిపిస్తుంది. అందువల్ల ఆ అవకాశాన్ని వదిలిపెట్టకూడదు.

ఇక పరీక్షల క్రమం. చెన్నై సెంట్రల్ స్టేషన్‌లో దిగే రోగుల చేతి సంచిలో ఎక్కువగా ఉండేది మామూలు మెదడు ఎం.ఆర్.ఐ. ఫిల్మ్. అది పక్షవాతం కోసం తీసినది: ముక్కలు మందంగా ఉంటాయి, సిరలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఇవ్వరు, గవద దాకా రాకుండానే చిత్రం ఆగిపోతుంది. రిపోర్టు రాసినవారికి నాలుక సంగతి తెలిసి ఉండదు, ఎందుకంటే సిఫారసు చీటీలో ‘తలనొప్పి’ అని మాత్రమే ఉంటుంది. కాబట్టి చేయవలసిన మొదటి పని మళ్లీ స్కాన్ తీయడం కాదు, ఉన్న ఫిల్మ్‌ను కాండైల్ దగ్గర మళ్లీ చూడటం. పెద్దవారిలో క్లైవస్, కాండైల్ ఎముకల లోపల కొవ్వు మజ్జ ఉంటుంది, కాంట్రాస్ట్ లేని టి1 అనే రకం ఎం.ఆర్.ఐ. చిత్రంలో అది తెల్లగా మెరుస్తుంది. ఒక వైపు కాండైల్ తెల్లగా, రెండోది బూడిదరంగుగా కనిపిస్తే ఆ మజ్జ స్థానంలో ఏదో చేరిందని అర్థం. కుడి ఎడమలను పక్కపక్కన పెట్టి చూసే కంటికి ఈ తేడా రిపోర్టు నార్మల్ అని రాసి ఉన్న పాత ఫిల్మ్‌లో కూడా దొరుకుతుంది.

కొత్తగా తీయించేటప్పుడు మజ్జాముఖం నుంచి మెడలోని హయాయిడ్ ఎముక వరకు నాడి దారి మొత్తం పడేలా, సన్నని ముక్కలలో, కాంట్రాస్ట్‌తో, కొవ్వు మెరుపును అణచే పద్ధతిలో తీయమని చీటీలో రాయాలి. నాలుక ఏ వైపు వాలిందో కూడా రాయాలి. ధమని గోడలో చేరిన రక్తం కొవ్వును అణచిన టి1 చిత్రంలో నెలవంకలా తెల్లగా కనబడుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో అది కనబడకపోవచ్చు కాబట్టి అనుమానం బలంగా ఉంటే ధమనులను చూపే సి.టి. యాంజియో తీయాలి, అవసరమైతే వారం తరువాత మళ్లీ చూడాలి. ఎముక అంచులు తినివేయబడ్డాయా, కాలువ వెడల్పు పెరిగిందా అన్నది సన్నని ముక్కల సి.టి.లో బాగా తెలుస్తుంది. ఎముక ఇన్ఫెక్షన్ తొలి దశలో మాత్రం సి.టి. నార్మల్‌గా ఉండగలదు, ఎం.ఆర్.ఐ. ముందుగా పట్టుకుంటుంది. కాంట్రాస్ట్‌కు ముందు, ముఖ్యంగా చక్కెర రోగులలో, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడటం మరువకూడదు.

నాలుక చిత్రాన్ని చదవడంలో ఒక ఉచ్చు ఉంది. నాడి తెగిన తొలి నెలల్లో ఆ సగం నీరు పట్టి మెరుస్తుంది, కాంట్రాస్ట్ పీలుస్తుంది, తరువాత కొవ్వుగా మారుతుంది. రోగి వెల్లకిలా పడుకున్నప్పుడు బలం లేని సగం గొంతులోకి జారి ముద్దలా కనబడుతుంది. నాలుక మొదలు భాగంలో కణితి ఉందని రిపోర్టు వచ్చి, వేలితో తడిమితే మెత్తగానే ఉండి గట్టిగా ఏమీ తగలకపోతే, అది నాడి జబ్బు నీడ కావచ్చు. చేత్తో తడమడం ఇక్కడ యంత్రం కన్నా నమ్మకమైనది.

రక్తపరీక్షలలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., చక్కెర మూడు నెలల సగటు, హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్ష, పురుషులలో ప్రొస్టేట్ కోసం పి.ఎస్.ఎ. ముఖ్యమైనవి. స్త్రీలలో రొమ్ము పరీక్షకు సమానమైన రక్తపరీక్ష లేదు, చేత్తో చూడాలి, మామోగ్రామ్ తీయాలి. ముక్కు వెనుక భాగాన్ని చెవి ముక్కు గొంతు వైద్యులు ఎండోస్కోప్‌తో చూడటం అందరికీ అవసరం. ఎముకలో మచ్చ కనబడి మూలం తెలియకపోతే ఒళ్లంతా చూసే పెట్ సి.టి. స్కాన్ వెతుకులాటను కుదిస్తుంది. పక్క నాడులు కూడా చిక్కుకున్నాయనో, మెదడు వెన్ను పొరలలో జబ్బు ఉందనో అనుమానం ఉన్నప్పుడే వెన్ను నుంచి నీరు తీయాలి. ఇ.ఎం.జి.ని మొదటి వారంలో చేయించడంలో అర్థం లేదు, నాడి తెగిన గుర్తులు కండరంలో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. క్షయ కోసం చర్మంలో చేసే మాంటూ పరీక్ష పాజిటివ్‌గా వచ్చిందని క్షయ మందులు మొదలుపెట్టడం మన దేశంలో సరైన తర్కం కాదు, ఇక్కడ ఆరోగ్యవంతులలో కూడా అది పాజిటివ్ రావడం మామూలే.

ఇవన్నీ చూసినా ఏమీ దొరకనివారు ఉంటారు. వైరల్ జ్వరం తరువాత గానీ, ఏ ముందు గుర్తూ లేకుండా గానీ వచ్చి, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గే నాలుక బలహీనత నిజంగానే ఉంది. కారణం తెలియనిది అన్న పేరు దానికి పెట్టవచ్చు, కానీ పుర్రె అడుగు, మెడ పూర్తిగా చూడని రోగికి ఆ పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు. అదే తొందరలో స్టెరాయిడ్ మాత్రలు రాయడం మరింత ప్రమాదకరం. చక్కెర రోగి ఎముకలో దాగిన ఇన్ఫెక్షన్‌కు, ఫంగస్‌కు స్టెరాయిడ్ ఊతమిస్తుంది. లింఫోమా అనే క్యాన్సర్ అయితే తాత్కాలికంగా కరిగి, ముక్క పరీక్షలో కూడా దొరకకుండా పోతుంది. నొప్పి ఉన్న రోగిలో మొదటి స్కాన్ నార్మల్ అయినా మూడు నెలలకు మళ్లీ తీయాలి, నొప్పి పెరిగినా, కొత్త నాడి ఏదైనా పోయినా అంతవరకు ఆగనక్కర్లేదు.

ఈలోగా రోగి రోజువారీ బాధలకు సాయం చేయాలి. బలమున్న వైపున నమలడం, తిన్న తరువాత బుగ్గలో నిలిచిన మెతుకులను వేలితో తీసి పుక్కిలించడం, నీళ్లు తాగేటప్పుడు గడ్డం కొంచెం కిందికి వంచడం నేర్పాలి. పొరబోవడం, తిన్న తరువాత గొంతు తడిగా పలకడం కనిపిస్తే స్పీచ్ థెరపిస్ట్ చేత మింగుడు పరీక్ష చేయించాలి. నాలుక ఎంత వాలుతోందో, ఎంత సన్నబడిందో తెలిసేలా, ఇంటివాళ్లు ప్రతి పదిహేను రోజులకు ఒకే వెలుగులో, ముందుపళ్లు కనబడేలా ఫోన్‌లో ఫోటో తీసి, తేదీ వేసి ఉంచుకోవచ్చు. నోటిలో పడి ఉన్నప్పుడు ఒకటి, చాపినప్పుడు ఒకటి. తరువాతి సంప్రదింపులో వైద్యుడు ఆ ఫోటోల వరుసను, రెండు స్కాన్‌లను పక్కపక్కన పెట్టి చూసి, నాడి తిరిగి వస్తోందా, వెతుకులాట మళ్లీ మొదలుపెట్టాలా అన్నది నిర్ణయిస్తారు.